చేతిపనివారు – కొనుక్కొనే గిరాకీ

పని నేర్చుకొనుట ఒక విద్య. నేర్చిన పనికి తగిన గిరాకీని సంపాదించుకొనుట మరొక విద్య. మొదటి విద్యను ఐ.టి.ఐ.లో గాని, ఉస్తాదు చేతి క్రింద మూడు నాలుగేండ్లు మెలగి గాని నేర్చుకొనవచ్చును. రెండవదానిని శ్రద్ధగా నేర్పేవారు అరుదు. ఈ లోటును తాము తీరుస్తామంటూ కొన్ని సంస్థలు ముందుకు వచ్చినవి. ఇంట్లో ఏ.సి. చెడిపోయిన గృహస్థు తన సెల్‌ఫోనులో "మాకు మెకానిక్ కావాలి" అని నమోదు చేస్తాడు. ఆ కబురును మెకానిక్కులకు చేరవేసి, చేరవేసినందుకు రుసుము పుచ్చుకొనుట ఈ సంస్థల వ్యాపారం. అలా చేరిన పేరు, ఫోను నెంబరు, పని వివరం – ఈ మూడింటి మూటకు "లీడు" అని పేరు. ఇప్పుడు మన నగరాలలో ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు, పెయింటర్లు కూడ ఈ మాటనే వాడుతున్నారు.

ఈ విషయాన్ని కళాశాల పత్రికలో వ్రాయుటకు కారణం లేకపోలేదు. మన విద్యార్థినీ విద్యార్థులలో చేతిపని చేసుకొని బ్రతికే కుటుంబాల నుండి వచ్చినవారు కొద్దిమంది కారు. తండ్రికి పనిలో ఆరితేరిన చెయ్యి ఉంటుంది గాని, ఇంగ్లీషులో ఉన్న ఫారము నింపుట రాదు. ఆ ఫారమును నింపేది తరచుగా డిగ్రీ చదివే కొడుకో కూతురో. షరతుల పత్రం క్రింద "అంగీకరిస్తున్నాను" అన్న గడిని నొక్కేది కూడ వారే. ఆ ఒక్క నొక్కుతో ఇంటి బడ్జెట్టులో నుండి వేల రూపాయలు కదలిపోవచ్చును. వాణిజ్యశాస్త్రం అభ్యసించే మేము నేర్చిన లెక్కను మొదట మన ఇంటి గడప దగ్గరే వేసి చూచుట న్యాయమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మధ్యవర్తి మనకు కొత్త కాదు. హైదరాబాదులో పెద్ద కూడళ్ళ వద్ద తెల్లవారకముందే అడ్డా మీద నిలబడే కూలీలను, మేస్త్రీలను అందరము చూచినవారమే. ఎలక్ట్రికల్ దుకాణం యజమాని "మంచి కారీగరు ఉన్నాడు, పంపిస్తాను" అంటాడు. సామాను తన దుకాణంలోనే కొనిపిస్తాడు. అపార్టుమెంటు వాచ్‌మన్ ప్లంబరును పిలిపిస్తాడు. వెళ్ళేటప్పుడు అతని చేతిలో ఏదో కొంత పెట్టవలసి ఉంటుంది. వీరందరు మధ్యవర్తులే. అయితే వీరిలో ఎవ్వరును పని కుదరకముందే డబ్బు అడగరు. పని దొరికితేనే వాచ్‌మన్‌కు వాటా. లీడు సంస్థలలో చాలావాటి పద్ధతి దీనికి భిన్నమైనది. పని దొరికినా, దొరకకపోయినా రుసుము ముందే చెల్లిపోతుంది. అనగా నష్టం యొక్క బరువు మధ్యవర్తి భుజం మీది నుండి పనివాని భుజం మీదికి మారినది. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకుంటే తక్కిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

ఈ వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలను కొంత తెలుసుకొనుట మంచిది. అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో 1995లో ఆంజీ హిక్స్ అనే యువతి ఇల్లిల్లూ తిరిగి సభ్యులను చేర్చుకొని "ఆంజీస్ లిస్ట్" అనే సంస్థను నడిపినది. ఏ పనివాడు బాగా చేశాడు, ఎవడు ముంచాడు అన్న గృహస్థుల అభిప్రాయాలే అందులో సరుకు. వాటిని చదువుటకు చందా కట్టినవారు గృహస్థులు, పనివారు కారు. ఇంగ్లండులో సెల్సీ అనే సముద్రతీరపు ఊరిని 1998 జనవరిలో సుడిగాలి దెబ్బతీసినది. ఎగిరిపోయిన ఇంటి కప్పులు బాగుచేస్తామంటూ మోసగాండ్రు దిగబడ్డారు. దానిని చూచి కెవిన్ బర్న్ అనే ఆయన నమ్మదగిన పనివారి జాబితాను తయారు చేశాడు. అదే నేటి "చెకట్రేడ్" సంస్థకు మూలం. దీనిలో చందా కట్టేది పనివారు. మన దేశంలో 1996లో వి.ఎస్.ఎస్. మణి ముంబాయిలో ప్రారంభించిన "జస్ట్ డయల్" మొదట టెలిఫోను మీదనే నడిచినది. మనకు కావలసిన పని చెబితే అవతలివారు నెంబర్లు చెప్పేవారు. ఆ తరువాత "సులేఖ" మొదలైనవి వచ్చినవి. 2014లో "అర్బన్‌క్లాప్" వచ్చినది; అది కూడ తొలిదశలో గిరాకీని పనివానికి కలిపే సంస్థగానే ఉండి, తరువాత తానే ధర నిర్ణయించి, తానే డబ్బు వసూలు చేసి, కమీషను మినహాయించుకొనే పద్ధతికి మారినది. 2020లో "అర్బన్ కంపెనీ"గా పేరు మార్చుకొన్నది.

ఈ చరిత్రలో ఒక మెలిక గమనింపదగియున్నది. ఆంజీస్ లిస్టు 2016లో గృహస్థులు చదువుటకు కట్టే చందాను తీసివేసినది. మరుసటి ఏడు, పనివారికి లీడ్లను అమ్మే "హోమ్ అడ్వైజర్"తో కలిసిపోయినది. చందా కట్టినంతకాలం గృహస్థే ఆ సంస్థకు యజమాని. వాని మెప్పు కోసం సంస్థ పనిచేసినది. చదువుట ఉచితమైన తరువాత పనివాడు కొనుగోలుదారు అయినాడు, గృహస్థు వివరాలు సరుకు అయినవి. లీడ్లను అమ్మి బ్రతికే సంస్థకు ఎక్కువ లీడ్లు అమ్ముటయే లాభం. ఆ లీడు పనిగా మారినదా, లేదా అన్న చింత దానికి కొంతవరకే ఉంటుంది. ఇది ఎవరి దుర్బుద్ధి వల్లనో వచ్చినది కాదు, రుసుము కట్టించే తీరులోనే ఇమిడియున్నది.

ఇందుకు ప్రభుత్వ రికార్డులలోకి ఎక్కిన ఉదాహరణ కలదు. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమీషన్ 2022 మార్చిలో హోమ్ అడ్వైజర్ మీద అభియోగం మోపినది. తమ లీడ్లన్నియు స్వయంగా తమ వద్దకు వచ్చి పనివారిని అడిగిన గృహస్థులవేనని చెప్పుట, పనివాడు కోరిన పనికి, కోరిన ప్రాంతానికి అవి సరిపోతాయని చెప్పుట, ఎన్ని లీడ్లు పనులుగా మారతాయన్న విషయంలో ఆధారాలకు మించి చెప్పుట – ఇవి ఆ అభియోగంలోని ముఖ్యాంశాలు. 2023 జనవరిలో వెలువడిన ఉత్తర్వు ప్రకారం ఆ సంస్థ 72 లక్షల డాలర్ల వరకు చెల్లించుటకు, అటువంటి మాటలు ఇకమీదట చెప్పకుండుటకు ఒప్పుకొనవలసి వచ్చినది. ఆ మూడు అంశాలను మన విద్యార్థులు బాగా గుర్తుంచుకొనవలెను. మన ఊరి సంస్థ ప్రతినిధి ఫోను చేసినప్పుడు అడుగవలసిన ప్రశ్నలు కూడ సరిగా అవే గనుక. ఈ లీడు ఎక్కడి నుండి వచ్చినది? మేము చేసే పనికి, మేము తిరిగే ప్రాంతానికి చెందినదేనా? మా వంటి పనివారికి నూటికి ఎన్ని కుదురుతున్నవి, దానిని కాగితం మీద చూపగలరా?

ఇక రుసుము తీరులకు వద్దాము. అన్ని సంస్థలది ఒకే పద్ధతి కాదు. కొన్నింటిలో ఏడాదికింత అని కట్టి జాబితాలో పేరు ఎక్కించుకోవలెను. మరికొన్నింటిలో లీడుకింత అని, లేదా ముందుగా కొన్న "క్రెడిట్ల" నుండి లీడుకు కొన్ని చొప్పున తరుగుతూ ఉంటుంది. ఇంగ్లండులోని "మైబిల్డర్" అనుసరించిన పద్ధతి మాకు కొంత న్యాయంగా తోచినది. అందులో పని మీద ఆసక్తి ఉన్నదని తెలుపుట ఉచితం. గృహస్థు మనలను ఎంచుకొని తన నెంబరు ఇచ్చినప్పుడే రుసుము పడుతుంది. కమీషను పద్ధతిలో పని జరిగితేనే సంస్థకు ఆదాయం. ఇది పాత వాచ్‌మన్ పద్ధతికి దగ్గరగా ఉన్నది. అయితే ఇందులో ధర మన చేతిలో ఉండదు, గిరాకీ మన చేతిలో ఉండదు. కమీషను పెరిగితే, జరిమానాలు పడితే అడుగుటకు దారి సన్నగిల్లుతుంది. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ కార్యాలయం ముందు సౌందర్య సేవలు చేసే మహిళలు నిరసనకు కూర్చున్నది ఈ కమీషను, జరిమానాల విషయంలోనే. ఆ సంస్థ వారిని "భాగస్వాములు" అని పిలుస్తుంది. భాగస్వామికి లాభంలోనే గాక నిర్ణయంలోను భాగం ఉంటుందని మేము వాణిజ్యశాస్త్రంలో చదువుకొన్నాము!

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి కలదు. ఒకే లీడును ఎందరికి అమ్ముతున్నారు? ఇంగ్లండులో "రేటెడ్ పీపుల్" ముగ్గురు పనివారికి మించకుండ, "బార్క్" ఐదుగురికి మించకుండ అనే పరిమితులు పాటిస్తున్నవి. మన వద్ద ఈ సంఖ్యను ప్రతినిధులు తమంత తాముగా చెప్పుట అరుదు. ఒక లీడు ఐదుగురికి వెళ్ళినదనుకొందాము. లీడు వెల 118 రూపాయలు. ఐదుగురి జేబుల నుండి వెళ్ళినది 590 రూపాయలు. పని ఏ.సి. సర్వీసు, దాని కూలి 600 రూపాయలు అనుకొందాము. అనగా ఆ అయిదుగురిని ఒక బృందంగా భావిస్తే, ఒక పూట ఎండలో చేసిన పనికి వారికి మిగిలినది 10 రూపాయలు. పెట్రోలు ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. ఐదుగురిలో పని దక్కినవాడు లీడు మంచిదంటాడు, దక్కని నలుగురు తమ అదృష్టం మంచిది కాదంటారు. ఎవ్వరును మొత్తం లెక్క వేయరు.

ఈ 118 రూపాయలను మేము ఎక్కడి నుండి తెచ్చితిమో చెప్పవలెను. లెక్క కొరకు ఊహించిన అంకెలే ఇవి. ఏడాది ప్యాకేజి 12,000 రూపాయలు. దీని మీద 18 శాతం జి.ఎస్.టి. 2,160 రూపాయలు. మొత్తం 14,160. సేవలపై ఏడాది ఆదాయం 20 లక్షలకు లోపల ఉన్న చిన్న పనివాడు సాధారణంగా జి.ఎస్.టి. నమోదు చేసుకొనడు, కనుక ఆ పన్ను తిరిగి రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. ప్రతినిధి మాత్రం 12,000 అనే చెబుతాడు. ఏడాదికి 120 లీడ్లు వచ్చినవనుకుంటే లీడుకు 118 రూపాయలు పడినట్లు. ఇక ఆ 120లో ఫోను ఎత్తనివారు, "ఊరికే రేటు కనుక్కుందామని" అడిగినవారు, అప్పటికే వేరొకరిని పిలుచుకొన్నవారు పోగా 12 పనులు కుదిరినవనుకొందాము. పనికి పడిన ఖర్చు 1,180 రూపాయలు. లీడు వెల వేరు, పని వెల వేరు. ప్రతినిధి చెప్పేది మొదటిది; ఇల్లు గడిచేది రెండవదానితో.

600 రూపాయల సర్వీసుకు 1,180 పెట్టి గిరాకీ తెచ్చుకొనుట దివాలా తీయుటయే. అదే 1,180 రూపాయలు, రెండు పడక గదుల ఇంటికి రంగులు వేసే గుత్త పనికి గాని, ఇల్లంతా వైరింగు మార్చే పనికి గాని పెద్ద బరువు కాదు. కనుక "లీడ్లు కొనుట మంచిదా, చెడ్డదా?" అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ పనికి అన్నదే ప్రశ్న. చిల్లర మరమ్మతుల కొరకు లీడ్లు కొనరాదని, పెద్ద పనులకు మాత్రమే కొనవచ్చునని మా అభిప్రాయం. సంస్థ ఫారములో పనుల జాబితా ఉంటుంది. కొత్తగా చేరినవారు అన్ని గడులలోను టిక్కు పెడతారు – ఎక్కువ పనులు వస్తాయన్న ఆశతో. ఫలితంగా కుళాయి వాషరు మార్చే లీడుకు కూడ రుసుము కడతారు. ఆ గడులను తగ్గించుట మొదటి పొదుపు.

ప్రాంతం విషయం కూడ ఇటువంటిదే. ఫారములో "హైదరాబాదు మొత్తం" అని వ్రాసిన పాతబస్తీ మెకానిక్కుకు గచ్చిబౌలి నుండి లీడు వస్తుంది. చార్మినారు నుండి దాదాపు ఇరవై కిలోమీటర్లు. సాయంత్రపు ట్రాఫిక్కులో పోయి వచ్చుటకే పూట గడిచిపోతుంది. అక్కడికి చేరేసరికి దగ్గరలో ఉన్నవాడెవరో పని ముగించి టీ త్రాగుతూ ఉంటాడు. తన బండి అరగంటలో చేరగల పేటల పేర్లు మాత్రమే వ్రాయుట ఉత్తమం. చిన్న పట్టణాల సంగతి వేరు. కర్నూలు, నంద్యాల వంటి చోట్ల నోటిమాట ప్రచారమే ఇప్పటికీ బలమైనది. అక్కడ ఏడాది ప్యాకేజి కొనేముందు, గత నెలలో మన పేటలో మన పనికి ఎన్ని లీడ్లు వచ్చినవో చూపించమని అడిగి తీరవలెను.

ఇంతవరకు చదివినవారికి మేము ఈ సంస్థలను త్రోసిపుచ్చుతున్నామని అనిపించవచ్చును. అది మా ఉద్దేశం కాదు. వీటి వలన నిజంగా మేలు పొందేవారు ఉన్నారు. గల్ఫ్ దేశాలలో పది పన్నెండేండ్లు పెద్ద పెద్ద భవనాల ఏ.సి. యంత్రాలు నడిపి తిరిగి వచ్చినవానిని తలచుకొనండి. చేతిలో పని ఉన్నది. నగరంలో అతనిని ఎరిగినవారు లేరు. అతని ఈడు వారికి ఇక్కడ పదేండ్లుగా పిలిచే ఇండ్లు ఉన్నవి. అతనికి ఒక్కటి లేదు. జిల్లా నుండి నగరానికి వలస వచ్చిన పెయింటరు పరిస్థితి కూడ అంతే. ఇటువంటివారికి మొదటి ఇరవై ఇండ్ల గడప దాటించుటకు లీడు సంస్థ పనికివస్తుంది. అయితే మొదటి ఇరవై ఇండ్ల తరువాత కూడ ప్రతి ఇంటికి టోలు కట్టుతూనే పోవుట తెలివైన పని కాదు.

మంచి గిరాకీ అనగా ఎవరు? ఎక్కువ డబ్బు ఇచ్చేవాడు అని కొందరంటారు. మా పరిశీలనలో పనివారు చెప్పిన సమాధానం వేరు. ఏమి కావాలో స్పష్టంగా చెప్పేవాడు, చెప్పిన సమయానికి ఇంట్లో ఉండేవాడు, పని మధ్యలో కొత్త పనులు తగిలించి కూలి మాత్రం పాతదే అననివాడు, పని ముగిసిన రోజే డబ్బు ఇచ్చేవాడు, అన్నింటికి మించి మరల పిలిచేవాడు – ఇతడే మంచి గిరాకీ. ఇతనిని లీడులోనే కొంత వరకు గుర్తుపట్టవచ్చును. "ఏ.సి. రిపేరు" అని రెండే మాటలు ఉన్న లీడు కంటె, "ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏ.సి., లోపలి నుండి నీళ్ళు కారుతున్నవి, ఆదివారం ఉదయం రాగలరా" అన్న లీడు మేలు. రెండవవాడు తన అవసరాన్ని ఆలోచించి వ్రాసినాడు. రోజు, సమయం చెప్పినవానికి పని నిజంగా అవసరమున్నది.

అటువంటి లీడు వచ్చినప్పుడు ఆలస్యం పనికిరాదు. ఐదుగురికి వెళ్ళిన కబురుకు మొదట ఫోను చేసినవాని మాటే గృహస్థు చెవిలో నిలుస్తుంది. నిచ్చెన మీద ఉన్న పనివాడు వెంటనే ఫోను చేయలేడు. ఇక్కడ ఇంట్లో చదువుకొన్న పిల్లలు తోడ్పడవచ్చును. "సార్, మా నాన్నగారు పనిలో ఉన్నారు, ఒంటిగంటకు మాట్లాడతారు. ఏ.సి. ఏ కంపెనీది, ఎన్నేండ్లయినది, ఎన్నవ అంతస్తు అన్నది చెప్పగలరా?" అని మర్యాదగా అడిగితే చాలు. ఆ ప్రశ్నలే ఇది పని తెలిసిన ఇల్లు అని చాటుతవి. రేటు మాత్రం ఫోనులో తెగేసి చెప్పరాదు. చూచుటకు ఇంత, చూచిన తరువాత పనికి ఇంత అని రెండుగా చెప్పవలెను. చూచుటకు 200 రూపాయలు అనగానే ఫోను పెట్టేసేవాడు ఉంటాడు. పెట్టేయనిండు. వాని ఇంటికి పోయి వచ్చిన పెట్రోలు మిగిలినది.

తక్కువ రేటు చెప్పి పని పట్టి, తరువాత "గ్యాస్ అయిపోయినది, కంప్రెసరు పోయినది" అని పెంచే పద్ధతి ఒకటి మన మధ్య ప్రబలినది. లీడు వెల రాబట్టుకోవాలన్న ఒత్తిడిలో మంచివారు కూడ దీనిలోకి జారుతున్నారని ఒక మెకానిక్కు మాతో అన్నాడు. గ్యాస్ లీకు ఎక్కడ ఉన్నదో చూడకుండ గ్యాస్ నింపితే నెల రోజులలో మరల అదే కథ. అప్పుడు గృహస్థు వ్రాసే అభిప్రాయం ఏండ్ల తరబడి ఆ పేరు క్రింద నిలిచియుంటుంది. సంస్థల జాబితాలలో పనివాని ఆస్తి అంటే ఆ అభిప్రాయాలే. వాటిని డబ్బిచ్చి వ్రాయించుకొనేవారు ఉన్నారు. ఆన్‌లైన్ అభిప్రాయాలు ఎలా సేకరించవలెను, ఎలా ప్రచురించవలెను అన్నదానికి భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని వెలువరించినది గాని, దానిని పాటించుట స్వచ్ఛందం. దొంగ పొగడ్తలను చదువరులు కూడ కనిపెడుతున్నారు. "చాలా బాగా చేశారు" అన్న ఇరవై వాక్యాల కంటె "గోడ పగులగొట్టకుండ పైపు మార్చినాడు, చెత్త ఊడ్చి వెళ్ళినాడు" అన్న ఒక్క వాక్యం విలువైనది. పని ముగిసిన రోజుననే అటువంటి ఒక్క వాక్యం వ్రాయమని కోరుటలో తప్పు లేదు. పనికి ముందు, తరువాత తీసిన ఫోటోలు గృహస్థు అనుమతితో పెట్టుకొనవచ్చును.

మోసాల గురించి కూడ చెప్పవలసియున్నది. తాను సైనికాధికారినని, బదిలీ మీద వస్తున్నానని, క్వార్టరులో పని చేయించవలెనని చెప్పి, బయానా పంపుతానంటూ క్యూ.ఆర్. కోడ్ పంపి స్కాన్ చేయమనేవారు ఉన్నారు. స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు రాదు, పోతుంది. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అవసరం ఎన్నడును లేదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికి కంఠస్థం కావలెను. అట్లు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నెంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపితే డబ్బును ఆపుటకు అంత వీలున్నది. గూగుల్ మ్యాపులో పేరు ఎక్కిస్తామని, ఉన్న పేరు తొలగిపోతుందని బెదిరించి రుసుము అడిగేవారు మరొక రకం. గూగుల్‌లో వ్యాపారం పేరు నమోదు చేసుకొనుట ఉచితం. దానిని తండ్రి పేర నమోదు చేసి పెట్టుట చదువుకొన్న బిడ్డకు ఒక గంట పని. లీడు సంస్థకు ఏడాది రుసుము కట్టుటకు ముందే ఆ గంట వెచ్చించవలెనని మా సలహా.

ఇక ఒప్పందపు కాగితం. మూడు విషయాలు చదువకుండ ఆ గడిని నొక్కరాదు. బ్యాంకు నుండి ప్రతి నెల దానంతట అదే డబ్బు తీసుకొనుటకు అనుమతి ఇస్తున్నామా అన్నది మొదటిది. ఇచ్చితే, ఆపుటకు ఎన్ని రోజుల ముందు, ఏ రూపంలో తెలుపవలెనో చూడవలెను. తప్పు నెంబరు, వేరే ఊరు, మనం చేయని పని – ఇటువంటి పనికిరాని లీడుకు రుసుము తిరిగి ఇస్తారా, ఎన్ని రోజులలోగా అడుగవలెను అన్నది రెండవది. ఈ గడువు తెలియకనే చాలామంది తమకు రావలసినది వదులుకొంటున్నారు. ప్రతినిధి నోటితో చెప్పిన హామీలు కాగితంలో ఉన్నవా అన్నది మూడవది. "నెలకు ముప్పై పనులు ఖాయం" అని ఫోనులో అన్నవానిని, అదే మాటను మెసేజిగా పంపమని అడిగి చూడండి. పంపినట్లయితే దాచుకొనవలెను. పంపకపోతే ఆ మాట బరువెంతో తెలిసిపోతుంది.

చివరగా, కొన్న గిరాకీని సొంత గిరాకీగా మార్చుకొనే ఉపాయం. పైన వేసిన లెక్కనే మరల చూద్దాము. 12 పనులకు పనికి 1,180 రూపాయలు పడినది. ఆ పన్నెండిండ్లలో ఐదిండ్లవారు తృప్తిపడి ఏడాదిలో తలా మూడు పనులకు మరల పిలిచినారనుకొందాము. 15 పనులు అదనంగా వచ్చినవి. వీటికి లీడు ఖర్చు లేదు. 14,160 రూపాయలను 27 పనులకు పంచితే పనికి 524 రూపాయలు మాత్రమే పడుతుంది. లీడు వెల తగ్గించుట మన చేతిలో లేదు, మరలపిలుపు మన చేతిలో ఉన్నది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: కమీషను సంస్థల ద్వారా వచ్చిన గృహస్థుతో విడిగా పని కుదుర్చుకొనరాదని వాటి ఒప్పందాలలో షరతులుంటవి. ఒప్పుకొని సంతకం చేసిన షరతును దొంగచాటుగా మీరుట కంటె, ఇష్టం లేకపోతే అటువంటి సంస్థలో చేరకుండుటయే మర్యాద. లీడుకు వెల కట్టి కొన్నప్పుడు సాధారణంగా ఇటువంటి అడ్డు ఉండదు.

నగరంలోని పాత ఇన్వర్టరు, బ్యాటరీల పనివారు ఒక పద్ధతి పాటిస్తూ వచ్చినారు. పని చేసిన యంత్రం మీద చిన్న స్టిక్కరు అంటించి, చేసిన తేదీ, మరల చూడవలసిన తేదీ, తమ ఫోను నెంబరు వ్రాసేవారు. ఏ.సి. లోపలి యూనిట్ ప్రక్కన, నీళ్ళ మోటారు స్విచ్చి పెట్టె మీద, గీజరు క్రింద ఈ స్టిక్కరు ఉంటే ఆ ఇంటివారు మరల ఫోనులో వెదుకవలసిన అవసరం రాదు. ఇండ్ల చిరునామా, యంత్రం వివరం, తేదీ, తీసుకొన్న కూలి, ఆ గిరాకీ ఎక్కడి నుండి వచ్చినది అన్న విషయాలతో ఒక నోటుబుక్కు పెట్టుకొనవలెను. దీనిని వ్రాసే బాధ్యతను ఇంట్లో కామర్సు చదివేవారు తీసుకొనవచ్చును. ఏ.సి. మెకానిక్కులకు మార్చి నుండి జూను వరకు ఊపిరి సలుపదు. వానలు మొదలైన తరువాత పని సన్నగిల్లుతుంది. లీడు ప్యాకేజి అమ్మేవారి ఫోన్లు ఎక్కువగా వచ్చేది కూడ ఆ ఖాళీ నెలలలోనేనని పనివారు చెబుతున్నారు. ఆ సమయంలో నోటుబుక్కు తీసి, వేసవిలో పని చేసిన ఇండ్లకు వరుసగా ఫోను చేసి, "మేడమ్, ఏప్రిల్‌లో మీ ఏ.సి. సర్వీసు చేసినవాడిని, ఇప్పుడెలా ఉన్నది?" అని అడుగుటకు ఖర్చు ఏమీ లేదు. ప్యాకేజి గడువు తీరే నెలలో అదే నోటుబుక్కు చివరి వరుసను కూడితే, ఏడాదిలో ఏ దారిన ఎన్ని పనులు వచ్చినవో, వాటిపై ఎంత కూలి వచ్చినదో తేలుతుంది. రుసుము మరల కట్టవలెనా, మానవలెనా అన్నది ఆ కూడిక చూచి ఇంట్లోవారు కూర్చుని నిర్ణయించుకొనవచ్చును.